పెరగకూడని కండ

"సంచి ఎక్కడ దాచావని అడుగుతున్నాను!"

మాస్టారు వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యి కింది అర ఖాళీ చేస్తున్నారు. మూకుళ్ళు, మూతలు, చిల్లుపడిన జల్లెడ, పిడి ఊడిన కెటిల్ అన్నీ నేలమీదికి వచ్చాయి. రబ్బరు సంచి మాత్రం రాలేదు.

ఇల్లాలు బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తలేదు.

"నిన్నే! చెవుడొచ్చిందా?"

జవాబు చాకు చెప్పింది. టకటకటక.

"అబ్బాయ్!" అని కేకేశారు మాస్టారు.

అబ్బాయి వచ్చాడు. ఊరందరికీ కండలు పెంచే మాస్టారి కడుపున పుట్టి, కాలర్ ఎముకలు చొక్కాలోంచి కనబడే మనిషి. వీధి వీధంతా బక్కోడనే పిలుస్తుంది. మైకు సెట్లు అద్దెకిస్తాడు. తండ్రి గొంతుకి మైకు అక్కర్లేదు కాబట్టి ఇంట్లో వాడి వ్యాపారం సాగదు.

"మీ అమ్మని అడుగు, సంచి ఎక్కడుందో."

"అమ్మా, నాన్న సంచి ఎక్కడుందంటున్నారు."

"సంచి సంగతి తరవాత, ముందు ఊపిరి ఎక్కడుందో వెతుక్కోమని చెప్పు మీ నాన్నకి."

"నాన్నా, అమ్మేమంటోందంటే..."

"విన్నాన్లే! చెవులు నాకు బాగానే ఉన్నాయి!"

బక్కోడు రొట్టె ముక్క ఒకటి నోట్లో వేసుకుని గోడకి ఆనుకున్నాడు. డాక్టరు దగ్గర నుంచి వచ్చినప్పటి నుంచీ వాడికి ఇదే ఉద్యోగం. ఒకే గదిలో, చెయ్యి చాపితే అందే దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య మాటలు మోస్తున్నాడు.

కిందటివారం ఆ డాక్టరు గదిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా ముదిరిన ఆస్తమా అని ఆయన తేల్చారు. ఊపిరిగొట్టాల చుట్టూ ఉండే కండ మందం కట్టిందన్నారు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చడానికి నీలం రంగు మందు, రాకపోయినా రోజూ పొద్దునా సాయంత్రం పీల్చడానికి గోధుమ రంగు మందు రాసిచ్చారు. ఇకమీదట బలంగా ఊదే పనులేవీ పెట్టుకోవద్దని, ఊపిరి మధ్యలో బిగుసుకుంటే ప్రాణం మీదికొస్తుందని కూడా చెప్పారు.

ఇన్ని మాటల్లో మాస్టారు ఇంటికి మోసుకొచ్చింది ఒక్కటే మాట. కండ!

ఆ సాయంత్రమే వ్యాయామశాలలో కుర్రాళ్ళందరినీ చుట్టూ నిలబెట్టి ప్రకటించారు. "చేతికి పెంచుతారు, ఛాతీకి పెంచుతారు, తొడకి పెంచుతారు. ఊపిరిగొట్టాలకి కండ పెంచిన మొనగాణ్ణి ఎక్కడైనా చూశారా? ఇదిగో, చూసుకోండి!" కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. అరవై దాటినా కొత్త చోట కండ పుట్టించిన గురువుని ఎవరు మెచ్చుకోరు?

గోధుమ రంగు మందు మూత ఇంతవరకూ తియ్యలేదు. కండని అణిచే మందు తన ఒంట్లోకి పోదన్నారు. రోజూ మందు పీల్చేవాడి దగ్గరికి కండలు నేర్చుకోవడానికి ఎవడొస్తాడన్నారు.

ఇదంతా ఒక ఎత్తు. డాక్టరు "మీకు ఇన్నేళ్ళుగా ఆయాసం ఉన్నట్టు మీ ఆవిడకి తెలుసా?" అని అడిగితే, "అబ్బే, ఆవిడకివన్నీ ఏం తెలుస్తాయండీ" అన్నారే, అది ఇంకో ఎత్తు. పక్క కుర్చీలో ఉన్న ఇల్లాలు అప్పుడు మూసిన నోరు మళ్ళీ మొగుడి కోసం తెరవలేదు.

ఇప్పుడు ఆదివారం దగ్గరపడింది. ఆదివారం వ్యాయామశాల వార్షికోత్సవం. చివరి అంశం ప్రతి ఏడూ ఒక్కటే. నడుం నొప్పికి వేడినీళ్ళు పోసి పెట్టుకుంటారే, ఆ రబ్బరు సంచిని మాస్టారు నోటితో ఊది ఊది పేలుస్తారు. ఆయన ఎంత బరువెత్తారో ఎవరికీ గుర్తులేదు. పేల్చిన సంచులు మాత్రం అందరికీ గుర్తే.

"నేను ఊదుతాను. ఊది తీరతాను," అన్నారు మాస్టారు, కెటిల్ పిడి ఊపుతూ.

చాకు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

*

సాయంత్రం కోడలు పనినుంచి వచ్చింది. ఆసుపత్రి ప్రయోగశాలలో ఆమె పని, రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, రంగులద్ది, గాజు పలకలమీద పెట్టడం. ఇంటికి రాగానే పరిస్థితి ఒక్క చూపులో అర్థమైంది. మామగారు ఒక మూల, అత్తగారు ఒక మూల, మధ్యలో మొగుడు.

"ఇవాళ ఎన్ని కబుర్లు మోశావు?" అని మొగుణ్ణి అడిగింది.

"లెక్కపెట్టడం మానేశాను. కూలీ కట్టివ్వమను మీ అత్తని."

ఆమె నవ్వి, బల్లమీది పాత దినపత్రిక తీసి గొట్టంలా చుట్టింది.

"మామయ్యా, ఒక పందెం. ఈ కాగితం చుట్టని మోచేతి మడతలో పెట్టుకుని చెయ్యి బిగించాలి. ఎవరు ఎక్కువ నలిపితే వాళ్ళు గెలిచినట్టు."

పందెం అనే మాట చెవిన పడ్డాక మాస్టారు మూలలో ఉండగలరా? లేచి చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"ముందు వీడు," అంది కోడలు.

బక్కోడు పళ్ళు బిగబట్టి, మొహం ఎర్రబడేదాకా బిగించాడు. తీసి చూస్తే చుట్ట కాస్త సొట్టపడింది, అంతే. ఇటునుంచి చూస్తే అటుపక్క గోడ కనబడుతూనే ఉంది.

"నా పరువు తియ్యడానికే పుట్టావురా," అని మాస్టారు చుట్ట లాక్కున్నారు. ఒక్క బిగింపు. చుట్ట నుజ్జయిపోయింది. "చూశావా!"

"చూశాను మామయ్యా. ఇప్పుడు ఆ చుట్టలోంచి ఊదండి."

మాస్టారు చుట్టని నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయారు.

"మీ ఛాతీలో జరుగుతున్నది అదే," అంది కోడలు. ఆమె గొంతులో వేళాకోళం పోయింది. "చేతి కండ పెరిగితే బయటికి పెరుగుతుంది, చొక్కా బిగుతవుతుంది, అందరూ చూసి మెచ్చుకుంటారు. ఊపిరిగొట్టం కండ అలా కాదు. అది గొట్టం చుట్టూ ఉంటుంది. గోడలు మందమైతే గది చిన్నదైపోదూ? అలా లోపలికి పెరుగుతుంది. ఇంత దుమ్మో, కాస్త చల్లగాలో తగిలితే చాలు, మీ చెయ్యి బిగిసినట్టే బిగుస్తుంది. వీడికైతే గాలి వెళ్ళే దారి మిగిలింది. మీకు మిగల్లేదు."

"బక్కగా ఉండటంలో కూడా లాభం ఉందన్నమాట," అన్నాడు బక్కోడు. ఎవరూ నవ్వలేదు.

"నువ్వు కళ్ళారా చూశావా ఆ కండని?" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"నేను కోసే ముక్కల్లో అప్పుడప్పుడు వస్తుంది. మామూలు మనిషిదైతే గొట్టం చుట్టూ సన్నటి దారంలా ఉంటుంది. ఏళ్ళతరబడి ఆస్తమా ఉన్నవాళ్ళలో కొందరిది తాడులా ఉంటుంది. అది చూసి నేనెప్పుడూ చప్పట్లు కొట్టలేదు మామయ్యా."

మాస్టారు నలిగిన కాగితాన్ని విప్పి బల్లమీద పెట్టి అరచేత్తో సాపు చెయ్యబోయారు. మడతలు పోలేదు.

"కరిగించొచ్చా దాన్ని?"

"పూర్తిగా పాత స్థితికి వస్తుందని ఎవరూ మాటివ్వలేరు. కానీ అది చీటికీ మాటికీ బిగుసుకోకుండా చూసుకోవచ్చు. లోపల వాపు తగ్గించి దాన్ని చల్లబరిచేదే ఆ గోధుమ రంగు మందు. రోజూ పీలిస్తేనే పనిచేస్తుంది. ఓపిక కావాలి. రోజూ చెయ్యకపోతే ఫలితం ఉండదని మీరే కదా మీ కుర్రాళ్ళకి చెప్తారు."

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. కానీ మాస్టారు ఓడిపోయినా మీసం తిప్పే రకం.

"సరే. ఆదివారం అవనీ. ఈ ఒక్క సంచీ పేల్చి, సోమవారం నుంచి నువ్వు చెప్పినట్టే పీలుస్తాను."

"మామయ్యా, ఆ ఒక్కదానితోనే..."

"ఊదండి."

ముగ్గురూ ఒక్కసారి తిరిగి చూశారు. మాట్లాడింది ఇల్లాలు! మధ్యవర్తి లేకుండా, నేరుగా మొగుడి మొహంలోకి చూస్తూ.

ఆవిడ లేచి నడవలోకి వెళ్ళింది. మాస్టారు రోజూ కూర్చుని బూట్లు తొడుక్కునే డంబెల్స్ పెట్టె మూత ఎత్తి, అందులోంచి ఒక పొట్లం తీసుకొచ్చి బల్లమీద పడేసింది. ఇల్లంతా గాలించిన మనిషి తన కింద ఉన్నది చూసుకోలేదు.

"ఇప్పుడే ఊదండి. మా అందరి ముందూ. సగం ఉబ్బించినా చాలు, ఆదివారం నేనే మీకు దండ వేస్తాను."

"అంతేనా!" మాస్టారి మొహం వెలిగిపోయింది. పొట్లం చించి, సంచి మూతి తుడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఛాతీ నిండా గాలి తీసుకుని ఊదారు.

సంచి కదల్లేదు.

మళ్ళీ ఊదారు. మెడ నరాలు తేలాయి. సంచి బన్ను రొట్టెంత ఉబ్బింది. మూడోసారికి దగ్గు తెర మొదలైంది. ఛాతీలోంచి సన్నగా ఈల వినిపించింది. ఆయన బల్ల అంచు పట్టుకుని వంగిపోయారు.

బక్కోడు స్నానాలగదిలోకి పరిగెత్తి, కిటికీలో సబ్బుపెట్టె వెనకనుంచి నీలం మందు తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. డాక్టరు రాయకముందు నుంచే మందుల కొట్లో అడిగి కొనుక్కుని, మాస్టారు కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున ఏళ్ళతరబడి రహస్యంగా పీలుస్తున్న మందు అది. ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. తెలియదనుకున్నది ఆయన ఒక్కరే.

పీల్చి, కాసేపటికి తేరుకుని, కళ్ళు తుడుచుకున్నారు.

"ఈ సంచి మంచిది కాదు. రబ్బరు మొద్దు. ప్రతి ఏడూ తెచ్చే రకం కాదిది."

"అదే కొట్టు, అదే రకం," అంది ఇల్లాలు.

"మరి ప్రతి ఏడూ..."

"ప్రతి ఏడూ మీకన్నా ముందు నేను ఊదేదాన్ని."

మాస్టారు సంచిని వేళ్ళతో నొక్కి చూశారు.

"కొత్త రబ్బరుని ఒకసారి సాగదీస్తే మెత్తబడుతుందని పెళ్ళయిన కొత్తలో మీరే నేర్పారు. అప్పట్లో ఒక్కసారి సాగదీస్తే సరిపోయేది. పోనుపోనూ మీకు చాలేది కాదు. వెనకగదిలో తలుపేసుకుని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, ఊది, గాలి తీసి, మళ్ళీ ఊది, పాత బనీనులా పల్చబడేదాకా చేసి మీ చేతికిచ్చేదాన్ని. ఏటేటా ఇంకాస్త ఎక్కువ."

మాస్టారు సంచిని బల్లమీద పడేశారు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయారు. వాటిలో ఒకటి బక్కోడిది.

*

మర్నాడు మధ్యాహ్నం ఇల్లాలు క్యారియరు పట్టుకుని వ్యాయామశాలకి వెళ్ళింది. లోపల ఎవరూ లేరు. అద్దాలు, ఇనుప పళ్ళేలు, నూనె పట్టించిన కడ్డీలు. బెంచీమీద మాస్టారు. క్యారియరు పక్కన పెట్టి ఆవిడా కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ ఎదురుగా అద్దంలో ఉన్న ఇద్దరినీ చూశారు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మీరు మేడమెట్ల మలుపులో ఆగి, వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టినప్పటినుంచి. ఆ రోజుల్లో మీరు తొడుక్కునేవి చెప్పులు."

మాస్టారి పెదవి వంకరపోయింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషితో కాపురం చేస్తూ, దాచాననుకున్నారు పాపం.

"అయితే నా పేరూ, నా చప్పట్లూ అన్నీ దొంగవేనా?"

"ఏం, సంచి పేల్చింది మీరు కాదా? నేను మెత్తబరిచాను, మీరు పేల్చారు. వంట నేను చేస్తే మీరు తినడం దొంగతనమా?"

"నాకు చెప్పొచ్చు కదా!"

"మీరు చెప్పారా?" ఆవిడ అద్దం వదిలి ఆయన వైపు తిరిగింది. "పక్క గదిలో కుళాయి విప్పి మీరు పీలుస్తుంటే, నీళ్ళు ఆగేదాకా నేను తలుపవతల నిలబడేదాన్ని. ఆగాక మీ అడుగు చప్పుడు వింటేనే నా ఊపిరి నాకొచ్చేది. అంతా అయ్యాక డాక్టరు దగ్గర, ఆవిడకేం తెలుస్తాయండీ అంటారా? మీ ఛాతీ గురించి నాకన్నా ఎవరికి తెలుసు?"

మాస్టారు తల దించుకున్నారు. తరవాత చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. డంబెల్స్ పట్టిపట్టి కాయలు కాచిన చెయ్యి ఆయనది.

"తప్పయింది," అన్నారు. ఆ మాట ఆయన నోట ఎంత అరుదో ఈ కథ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు.

ఆవిడ క్యారియరు విప్పింది. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తిన్నారు. తింటూ తింటూ ఆయనకి హఠాత్తుగా అనుమానం వచ్చింది.

"ఇంతకీ వెనకగదిలో నువ్వు ఎంత లావు ఉబ్బించేదానివి?"

ఆవిడ చెంచా పెట్టేసి, రెండు చేతులూ గుమ్మడికాయంత ఎడంగా చాపింది.

"అంతా? అంతయితే పేలిపోవాలే!"

"ఒక ఏడాది పేలింది." ఆవిడకి నవ్వాగలేదు. "పక్కింటావిడ గ్యాసు బండ పేలిందేమోనని పరిగెత్తుకొచ్చింది. అల్మారా పడిందని చెప్పాను. మీకు తెలియకుండా కొట్టుకెళ్ళి ఇంకోటి కొనుక్కొచ్చాను. తరవాత తలుపేసుకుని ఎంతసేపు నవ్వుకున్నానో!"

మాస్టారు ఆవిడని కొత్తగా చూశారు. ఇన్నేళ్ళలో మంచి శిష్యుడు దొరికినప్పుడు మాత్రమే ఆయన కళ్ళలో కనబడే చూపు అది. తరవాత ఆయనా నవ్వారు. నవ్వుతో దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వారు. నీలం మందు జేబులోంచి తీసి, కుళాయి లేకుండా, భార్య ఎదుటే పీల్చారు.

"గోధుమ రంగుది?" అంది ఆవిడ.

నవ్వు ఆగింది. "అది వేరు. ఇది ఆయాసం వస్తే పీల్చేది, ఎవరికైనా వస్తుంది. అది రోజూ పీల్చేది. రోగిష్టిని అని రోజూ ఒప్పుకోవాలి. కుర్రాళ్ళకి తెలిస్తే ఏం విలువిస్తారు?"

ఇల్లాలు గిన్నెలు సర్దేసింది.

*

ఆదివారం సాయంత్రం వ్యాయామశాల కిక్కిరిసిపోయింది. శిష్యులు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, పాత శిష్యులు, ఊరికే వచ్చినవాళ్ళు. బక్కోడి మైకు రెండుసార్లు కీచుమని, మూడోసారికి దారిన పడింది.

బరువులెత్తారు. కడ్డీలు వంచారు. చివరికి అందరూ ఎదురుచూస్తున్న క్షణం వచ్చింది. మాస్టారు కొత్త సంచి పట్టుకుని వేదిక ఎక్కారు. మొదటి వరసలో కోడలు కుర్చీ అంచుమీదికి జరిగింది. ఇల్లాలు మాత్రం ఒళ్ళో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఇవాళ నేను ఊదను," అన్నారు మాస్టారు.

హాలంతా గుసగుసలు బయల్దేరాయి.

"కండలన్నీ మంచివే అని మీకు నేర్పాను. తప్పు నేర్పాను. పెరగకూడని చోట పెరిగిన కండ ఒకటి నా ఛాతీలో ఉంది. మొన్న దాన్ని చూసి మీరు చప్పట్లు కొట్టారు, నేనూ మురిసిపోయాను. అందరం బుద్ధిలేనివాళ్ళమే." కొందరు నవ్వారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఈ సంచుల్ని ఇన్నేళ్ళూ నాకన్నా ముందు ఊదిన మనిషి ఒకరున్నారు. ఆ మనిషి ఊపిరే నాకు పేరు తెచ్చింది. ఇవాళ మీ ముందు ఆవిడే ఊదుతుంది."

సంచిని ఇల్లాలి వైపు చాపారు.

ఆవిడని ఆయన అడగలేదు. ఒక్క మాటైనా చెప్పలేదు. ఆవిడ మొహం కందిపోయింది. "ఏమిటండీ ఇది," అన్న మాట పెదాలమీదే ఆగిపోయింది. వెనక వరసలోంచి ఎవరో "అమ్మగారూ!" అని అరిచారు. ఆ కేకని హాలంతా అందుకుంది.

ఆవిడ లేచింది. వేదిక ఎక్కింది. సంచి మూతి తుడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి ఊదింది.

మొదటి ఊపిరికే సంచి ఉబ్బింది. రెండోదానికి పాపాయి తలంత అయింది. మూడు, నాలుగు... గుమ్మడికాయ. జనం లేచి నిలబడ్డారు. బక్కోడు మైకు సంగతి మరిచి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. రబ్బరు పల్చబడి, దీపాల వెలుగు అందులోంచి ఎర్రగా కనబడింది. మాస్టారు ఆనందంతో పిడికిళ్ళు బిగించి, "ఇంకొక్కటి! ఒక్కటే!" అని అరిచారు.

ఆవిడ ఆపేసింది.

సంచి మెడని వేళ్ళతో నులిమి పట్టుకుని, కొడుకు చేతిలోని మైకు దగ్గరికి జరిగింది. ఒక్క రొప్పు కూడా లేదు.

"మీ మాస్టారికి డాక్టరుగారు ఒక మందిచ్చారు. రోజూ పీల్చాలి. మీకు తెలిస్తే విలువ పోతుందని మూత కూడా తియ్యలేదు." అంతా మాస్టారి వైపు తిరిగారు. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. "పొద్దున ఉతికిన చొక్కా ఇచ్చేటప్పుడు దాన్ని జేబులో నేనే పెట్టాను. ఏవండీ, ఇందరి ముందూ మీరు పీల్చండి. అప్పుడే నేను మిగతాది ఊదుతాను. లేకపోతే ఇదిగో, గాలి తీసేస్తున్నాను."

వేళ్ళు కాస్త వదులు చేసింది. సంచి సన్నగా ఈల వేసింది. అచ్చం ఆయన ఛాతీలోంచి వచ్చే ఈల.

మాస్టారు జేబు తడిమారు. చేతికి తగిలింది. బయటికి తీసి చూస్తూ నిలబడ్డారు. ఎదురుగా ఆయన పెంచిన భుజాలు, ఆయన పెంచిన ఛాతీలు. ఒక్కరూ నవ్వడం లేదు.

"మాస్టారూ," అన్నాడు మొదటి వరసలోంచి ఒక పాత శిష్యుడు, అందరికన్నా లావాటివాడు. జేబులోంచి ఏదో తీసి పైకెత్తి చూపించాడు. గోధుమ రంగుది. "నేను మీకు భయపడి దాచుకున్నాను."

మాస్టారు వాణ్ణి చూశారు. భార్యని చూశారు. మూత తీశారు.

ఆయన లోపలికి పీల్చారు. ఆవిడ సంచి మళ్ళీ నోటికి పెట్టుకుంది. జనమంతా చెవులు మూసుకున్నారు.